కాకిగూడు, కొంగల చెరువు: నెల్లూరు తీరంలో పక్షివధ – సాహిత్య, చారిత్రక సాక్ష్యాలు

నెల్లూరు సీమతో ముడిపడిన రెండు కథలలో పక్షివధ జనసంహారానికి ముందు నిలుస్తుంది. మొదటిది కాటమరాజు కథ. ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం, నెల్లూరేలే నల్లసిద్ధి బీళ్లలో గొల్లల మందలు మేస్తుండగా రాజు ఉంపుడుగత్తె కుందమాదేవి పెంచుకొన్న చిలుక అరుపులకు ఆవులు బెదిరాయి. గొల్లలు ఆ చిలుకను కొట్టి చంపారు. దానికి ప్రతిగా ఆవులు చచ్చాయి. పుల్లరి తగాదా ముదిరి యుద్ధమయింది. రెండవది తిక్కన తెలుగు చేసిన భారతంలోని సౌప్తికపర్వ ఘట్టం. దుర్యోధనుడు కూలిన రాత్రి మర్రిచెట్టు కింద నిద్రపట్టక ఉన్న అశ్వత్థామ, కొమ్మలలో నిద్రిస్తున్న కాకులను ఒక గుడ్లగూబ వచ్చి చంపడం చూస్తాడు. ఆ దృశ్యమే అతనికి పాండవ శిబిరంపై అర్ధరాత్రి దాడికి ఉపాయమయింది. తిక్కన మనుమసిద్ధి ఆస్థానంతో అనుబంధం ఉన్నవాడు. కాటమరాజు కథలోని నల్లసిద్ధిని ఆ సిద్ధిరాజుల వంశంతోనే ముడిపెట్టే సంప్రదాయం చరిత్రకారులలో ఉంది. అంటే మార్గ, దేశి రచనలు రెండూ 13వ శతాబ్ది నెల్లూరు చుట్టూ అల్లుకొన్నవే.

ఈ రెండు వధల మధ్య ఒక భేదం ఉంది. చిలుకను చంపడం కథలో తగవు, తప్పు, పరిహారం అనే లెక్కలోకి వస్తుంది. అది ఒకరి సొత్తు. దాని ప్రాణానికి బదులు మరొకరి సొత్తు పోయింది. కాకుల వధ అటువంటిది కాదు. అక్కడ కాకులు ఎవరి సొత్తూ కావు. అయినా ఆ ఘట్టం చదివినవారికి కలిగే జుగుప్స చిలుక చావు కలిగించేదానికంటే ఎక్కువ. కారణం అవి నిద్రలో ఉన్నవి, తమ నెలవులో ఉన్నవి. కృపాచార్యుడు అశ్వత్థామను వారించేటప్పుడు ఎత్తి చూపేదీ ఇదే: నిద్రించినవారిని చంపడం ధర్మం కాదు. పక్షిని చంపడంలోని తప్పొప్పులను తెలుగు సంప్రదాయం పక్షిజాతిని బట్టి గాక, అది ఆ క్షణాన ఎక్కడ ఉన్నదన్నదానిని బట్టి – పంటపైనా, గూటిలోనా – నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 19వ శతాబ్దం నుంచి వచ్చిన తుపాకి, గ్రంథం, చట్టం ఈ మూడూ వేరొక లెక్కను తెచ్చాయి. ఆ రెండు లెక్కలూ ఎదురుపడిన చోటు నెల్లూరు తీరం.

పంటపై ఉన్న పక్షి సంగతి మొదట చూడవలసి ఉంది. చేను కాచే పని తెలుగు కావ్యాలలో కొత్తది కాదు. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విలుబుత్తూరును వర్ణిస్తూ, కాలువ గట్టున తలలు రెక్కలలో దూర్చుకొని నిద్రిస్తున్న బాతులను తలవరులు చూసి బ్రాహ్మణులు పిండి మరచిపోయిన తడి వస్త్రాలనుకొని తీసి ఇవ్వబోవడం, అవి లేచిపోవడం, వరిచేను కాచే పడుచులు నవ్వడం చెప్పాడు. ఈ పద్యాన్ని సాధారణంగా రాయల పరిశీలనకు, హాస్యానికి నిదర్శనంగా చెబుతారు. ఇక్కడ పనికి వచ్చే అంశం మరొకటి. చేను కాచేవారున్న చోటనే పక్షులు అంత నిర్భయంగా నిద్రపోతున్నాయి. కాపు ఉన్నది గింజ తినే పిట్టపైన. కాలువ గట్టు బాతుపైన కాదు. మంచె, ఒడిసెల, కేక, డబ్బా చప్పుడు, దిష్టిబొమ్మ – చేనుకాపు పరికరాలన్నీ దాదాపు తోలడానికి ఏర్పడ్డవే. ఒడిసెల రాయి తగిలి పిట్ట చావవచ్చు. కాని ఆ పనికి మన భాషలో ఉన్న మాట ‘పిట్టలు తోలడం’. చంపడం అన్న మాట అందులో లేదు.

చిలుక, పిచ్చుక, గిజిగాడు చేనుకు శత్రువులు. గిజిగాని గూడు మాత్రం అదే రైతు ఇంటి చూరుకు వేలాడుతుంది. వరికంకుల కుచ్చులు పిచ్చుకల కోసం గుడి మండపంలోనో వసారాలోనో కట్టడం ఆంధ్రదేశంలో చాలాచోట్ల ఉన్న ఆచారం. దీనిని భూతదయగా మాత్రమే చూస్తే చేనులోని ఒడిసెల అర్థం కాకుండా పోతుంది. చేనులో శత్రువు, చూరు కింద అతిథి – ఒకే పిట్టకు రెండు న్యాయాలు.

కాకి విషయంలో ఈ న్యాయం మరింత స్పష్టం. కాకి పిండం ముట్టాలి. ముట్టకపోతే పోయినవారికి తీరని కోరిక ఏదో ఉన్నదని ఇంటిల్లిపాదీ ఆకు ముందు నిలబడతారు. అదే కాకి వడియాలపై వాలితే కర్ర లేస్తుంది. ‘కాకిపిల్ల కాకికి ముద్దు’ అన్న సామెతను అందంలేని బిడ్డ గురించి ఎత్తిపొడుపుగా వాడతాము గాని, దాని ఆధారం గూటిదగ్గర కాకి చూపే తెగువే. గూడున్న చెట్టు కిందికి వెళ్లినవాని తలపై అది తన్నుతుందని తెలియని పల్లె లేదు. ‘కాకులను కొట్టి గద్దలకు వేయడం’ అన్న జాతీయంలోనైతే కాకి బలహీనుడు, గద్ద బలవంతుడు, కొట్టేవాడు అన్యాయం చేసేవాడు. భాష కాకి పక్షానే నిలిచింది.

వసంత సాహిత్యానికి కాకిగూడు మరొక విధంగా కూడా ఆధారం. దక్షిణాన ఊరకాకి ప్రధానంగా వేసవి మొదలై తొలకరి దాకా గూడు పెడుతుంది. కోయిల గుడ్డు పెట్టేది ఆ గూటిలోనే. పరభృతమని, అన్యభృతమని కవులు కోయిలకు పెట్టిన పేర్లలో కాకి పేరు లేదు గాని కాకి చాకిరీ ఉంది. వేసవిలో కాకిపిల్లలను కాల్చేవాడు ఈ నేలపై ఉంటే, అతని గుండుకు కోయిల పిల్ల కూడా కూలేది.

అటువంటి వేట ఉన్న దేశం ఒకటి ఉంది. ఇంగ్లండు పల్లెలలో ‘రూక్’ అనే నల్లని కాకిజాతి పక్షి పొలాల పక్క ఎత్తయిన చెట్లపై వందలకొద్దీ గూళ్లు కడుతుంది. మే నెలలో పిల్లలు గూడు దాటి కొమ్మపైకి వచ్చి, ఇంకా ఎగరలేని కొద్దిరోజులలో వాటిని కింద నిలబడి కాల్చడం అక్కడి రైతులకు, భూస్వాములకు ఏటేటి వేడుక. పంటకు నష్టమని ఒక కారణం, పిల్లల మాంసంతో చేసే వంటకం మరొక కారణం. ఈ ఒక్క పనికోసం చిన్న గుండుతో ‘రూక్ రైఫిల్’ అనే తుపాకినే తయారు చేశారు. రూక్ భారతదేశంలో వాయవ్యాన చలికాలపు అతిథిగా తప్ప కనిపించదు. నెల్లూరు దరిదాపులకు రాదు. కాని ఆ పేరు గల తుపాకి దొరల సామాన్లతోపాటు ఈ దేశానికి వచ్చింది, చిన్న జంతువులపైన, పిట్టలపైన పేలింది. పక్షి రాలేదు గాని దానికోసం పుట్టిన ఆయుధం వచ్చింది.

ఆయుధంతోపాటు వచ్చిన అసమానత తక్కువది కాదు. 1878 ఆయుధాల చట్టం భారతీయులకు తుపాకి లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. ఒడిసెల అందరిదీ, తుపాకి దొరది. పిట్టలదొర వేషాన్ని ఈ నేపథ్యంలో చదవవలసి ఉంది. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కొయ్యతుపాకి, నోట అంతులేని కోతలు – ఈ జానపద కళారూపాన్ని కేవలం హాస్యవేషంగా పరిగణించడం పరిపాటి. కొయ్యతుపాకి పేలదు. పేలని తుపాకి పట్టుకొని తాను కొట్టిన పిట్టలను లెక్కపెట్టేవాడు ఎవరిని అనుకరిస్తున్నాడో ఆ టోపీయే చెబుతుంది. పేరులోని ‘పిట్టల’ వృత్తిని, ‘దొర’ అధికారాన్ని సూచిస్తాయి. పిట్టలు పట్టి బతికేవాడు దొర వేషం కట్టడంలోని వెక్కిరింత పల్లె ప్రేక్షకులకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేనిది.

నెల్లూరుకు సంబంధించినంతవరకు తుపాకి పట్టిన దొరలలో అందరినీ ఒకే గాటకు కట్టలేము. 1840లలో ఇక్కడ సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ కావెర్‌హిల్ జెర్డాన్ భారతీయ పక్షిశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడు. 1862–64 మధ్య వెలువడిన అతని ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ సంపుటాలలో శాస్త్రీయ నామాల పక్కన హిందుస్థానీ, తమిళం వంటి భాషల పేర్లతోపాటు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. తెలుగు నిఘంటుకారులు పక్షిజాతి విశేషమని చెప్పి వదిలేసిన చోట ఈ పుస్తకం ఫలానా పిట్ట అని చూపించింది. పదకోశ పరిశోధకులు దీనిని వాడుకొన్నది తక్కువ.

నెల్లూరులో అతనికి ఆ ప్రాంతపు జీవజాలాన్ని గురించి చెప్పినవారు యానాదులు. ఈ విషయం జెర్డాన్ జీవిత కథనాలలో ఒక వాక్యంగా వస్తుంది, పోతుంది. ఆగవలసిన చోటు అది. శ్రీహరికోట అడవిలోను, తీరపు ఊళ్ల చెరువుగట్లపైన బతికిన యానాదులు చేపలు పట్టేవారు, అడవిసరుకు సేకరించేవారు, రైతుల చేలలో ఎలుకలు పట్టి కలుగుల్లోని ధాన్యం తవ్వుకొనేవారు, చేలకు కాపు ఉండేవారు. 1835లో శ్రీహరికోట కుంపిణీ ప్రభుత్వం చేతికి వచ్చాక వారిని గురించి అధికారులు రాసుకొంటూనే వచ్చారు. 1873 నాటి బాస్వెల్ నెల్లూరు మాన్యువల్ మొదలు 1909 నాటి థర్‌స్టన్ సంపుటాల వరకు యానాదుల ఆహారం, వివాహం, వైద్యం, దొంగతనం అన్నింటికీ చోటు దొరికింది. పక్షుల పేర్లు చెప్పినవారుగా మాత్రం దొరకలేదు. వారిని గూర్చి సానుభూతితో సమగ్రంగా రాసిన వెన్నెలకంటి రాఘవయ్య గ్రంథం వెలువడేసరికి 1962 వచ్చింది.

ఒక్క పక్షి చరిత్ర చాలు ఈ జ్ఞానపు బరువు తెలియడానికి. నెల్లూరు, కడపల మధ్య తూర్పుకనుమల పొదలలో జెర్డాన్‌కు దొరికిన ఒక పిట్టను 1848లో బ్లిత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇంగ్లీషులో దానికి జెర్డాన్ పేరే నిలిచింది. 1900 తరువాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిందనుకొన్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దొరికించినది తుపాకీ కాదు, గ్రంథమూ కాదు. రాత్రిపూట దీపంతో పిట్టలు పట్టే స్థానికుని అనుభవం. తెలుగులో దాని పేరు కలివికోడి. ఇంగ్లీషు పేరులో చూసిన సర్జను ఉన్నాడు, తెలుగు పేరులో పిట్ట తిరిగే కలివి పొద ఉంది. నిలబడి వెతకదలచినవానికి ఏ పేరు దారి చూపుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. పట్టుబడిన ఆ పిట్ట ఆనాడు బతకలేదన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. పట్టే చేతికీ చంపే చేతికీ మధ్య దూరం ఎప్పుడూ తక్కువే.

చట్టం ఈ చేతులను వేరొక విధంగా లెక్కపెట్టింది. 1887 అడవిపక్షుల రక్షణ చట్టం పట్టణాలలో, కంటోన్మెంట్లలో, గుడ్లు పెట్టే కాలంలో కొత్తగా చంపిన పక్షులను అమ్మడాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించే అధికారం స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. దాని దృష్టి సంత మీద. అంటే పిట్టలను గంపలో పెట్టుకొని అమ్మవచ్చినవాని మీద. ఊరికి దూరంగా చెరువుమీద తుపాకి పేల్చి అక్కడే వండుకొన్నవాడు దాని చేతికి చిక్కడు. 1912 చట్టం చంపడాన్ని కూడా పరిధిలోకి తెచ్చి, నిషిద్ధకాలాన్ని నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వాలకు అప్పగించింది. దాని మూల పట్టికలో బాతులు, కౌజులు, నెమళ్లు, పావురాలు, కొంగలు, పాలపిట్టలు, లకుముకిపిట్టలు ఉన్నాయి. మొదటివి చాలావరకు వేటగాని బల్లమీదికి వచ్చేవి, చివరివి ఈకల వ్యాపారం కోరుకొన్నవి. 1902లోనే ఈకల ఎగుమతిని ఆపవలసి వచ్చిన సంగతి దీనికి వెనుక ఉంది. గూడబాతు ఆ పట్టికలో లేదు. కాకి ఎలాగూ లేదు. రక్షణ పొందడానికి పక్షి ముందుగా ఎవరికో పనికి రావాలి అన్న న్యాయం అది.

గూడబాతు పేరే గూటితో మొదలవుతుంది. దాని గూళ్లను గురించి జెర్డాన్ రాసిన ఒక విషయం నెల్లూరు చరిత్రకు చాలా దగ్గరిది. కర్ణాటక మండలంలో ఒక ఊరి నడుమ తక్కువ ఎత్తు చెట్లపై గూడబాతులు తరతరాలుగా గూళ్లు పెడుతున్నాయని, మనుషుల సందడిని అవి పట్టించుకోలేదని తాను స్వయంగా చూసి రాశాడు. ఆనాటి వాడుకలో కర్ణాటక మండలమంటే నెల్లూరు నుంచి దక్షిణంగా సాగిన తీరసీమ. ఊరి పేరు చెప్పలేదు గనుక అది నెల్లూరు జిల్లాలోనిదేనని పట్టుబట్టడం సరికాదు. ఊరి పేరుకంటే అక్కడి పద్ధతి ముఖ్యం: తుపాకి పట్టిన సర్జను కాలానికి ముందునుంచే అక్కడ గూటిని కాపాడిన ఊరు ఉంది.

అటువంటి ఊరు తుపాకితో ముఖాముఖి తలపడిన సందర్భానికి పత్రసాక్ష్యం నెల్లూరుకు దక్షిణాన, చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్‌లో దొరుకుతుంది. సిపాయిల తుపాకులకు చెరువు చెట్లలోని కొంగలు కూలుతుంటే రైతులు కలెక్టరు లయనెల్ ప్లేస్ దగ్గర మొరపెట్టుకొని, 1798 ప్రాంతంలో పక్షులను ఎవరూ చంపరాదన్న కౌలు పొందారు. రైతుల వాదన దయను గురించినది కాదు. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పారిన మడి బాగా పండుతుంది. గూడు పోతే ఎరువు పోతుంది, ఎరువు పోతే కంపెనీకి కట్టవలసిన శిస్తుకు కష్టం వస్తుంది. కలెక్టరుకు అర్థమయ్యే భాష అదొక్కటే అని రైతులు గ్రహించి ఉండాలి.

నెల్లూరు తీరంలో దీనికి సాటి నేలపట్టు. పులికాటు సరస్సుకు దగ్గరగా, దొరవారిసత్రం మండలంలో ఉన్న ఈ ఊరి చెరువులో నీటిలో నిలిచి పెరిగే కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు గూళ్లు పెడతాయి. కాలం గమనించదగినది. ఇంగ్లండులో గూటికాలం వసంతం. నేలపట్టులో అది ఈశాన్య రుతుపవనంతో, అంటే కార్తీకంతో మొదలై ఫాల్గుణం దాకా సాగుతుంది. చెరువు నిండాలి, చెట్టు నీటిలో మునగాలి, పులికాటులో చేప దొరకాలి. నెల్లూరు పేరు నిలిపిన మొలగొలుకుల వరి కూడా ఆ వానను, ఆ చెరువును నమ్ముకొన్నదే. కనుక చేనులో పిట్టలు తోలే నెలలు, చెరువులో గూడు కాచే నెలలు ఒకటే. పొద్దున ఒడిసెల తిప్పిన చేయి సాయంత్రం చెరువులో రాయి విసిరే పిల్లవాణ్ణి గదమాయిస్తుంది. పరాయివానికి ఇది వైరుధ్యంగా కనబడవచ్చు. ఊరికి అది ఒకే సేద్యంలోని రెండు పనులు. రెట్టల నీటి విలువ నేలపట్టు రైతులకు కూడా తెలుసు.

ఈ పద్ధతి నెల్లూరుకే పరిమితం కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా వచ్చే కొంగలను, గూడబాతులను ఊరివారు శుభంగా భావిస్తారు. అనంతపురం సీమలోని వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్లమధ్య చింతచెట్లపై గూళ్లు పెడతాయి. 1946లో కె. కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులో చూసి, తరువాత వ్యాసం రాసిన గూడబాతుల కొలువు మాత్రం ఇప్పుడు లేదు. ఊరి ఆదరణ ఒక్కటే అన్ని సందర్భాలలోను సరిపోలేదని దీనివల్ల తెలుస్తుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1976లో నేలపట్టు, పులికాటు పక్షి సంరక్షణ కేంద్రాల ప్రకటన ఊరి కట్టుబాటును ప్రభుత్వ ఉత్తర్వుగా మార్చాయి. పిట్ట బతికింది, సందేహం లేదు. పిట్టను ఎరిగినవాని స్థితి వేరు. చెరువులో వల, గట్టుపైన ఉచ్చు పెట్టుకొని బతికిన యానాదికి, పట్నం నుంచి తుపాకితో వచ్చినవానికి చట్టం దృష్టిలో తేడా లేదు. గూటికాలంలో చెరువు జోలికి పోరాదన్న కట్టడిలో అతనికీ భాగం ఉండేది. ఉత్తర్వులో అతనికి మిగిలినది నిందితుని స్థానం. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి ఎంపికయిన 1969 తరువాత అక్కడి యానాదుల తరలింపు కూడా జరిగిన కాలం అది. పదేళ్ల లోపల వారు దీవిని, వేటను రెండింటినీ పోగొట్టుకొన్నారు.

అదే 1972 చట్టం తన అయిదవ షెడ్యూలులో ఊరకాకిని ఎలుకలతోను, పండ్లు తినే గబ్బిలాలతోను కలిపి హానికర జీవిగా చేర్చింది. దాన్ని ఎవరైనా, ఎప్పుడైనా, గూటిలో ఉన్నా చంపవచ్చు. పిండంవేళ కాకికోసం చేతులు జోడించే సమాజం తన పార్లమెంటులో చేసుకొన్న చట్టం ఇది. ఆ షెడ్యూలు అర్ధశతాబ్ది నిలిచి, 2022 సవరణతో పోయింది. ఈ యాభై ఏళ్లలో చట్టం ఇచ్చిన స్వేచ్ఛను పుచ్చుకొని కాకిగూళ్లపై పడే ఆచారమేదీ తెలుగుసీమలో వేళ్లూనలేదు. చట్టం ఒప్పుకొన్నా ఆచారం ఒప్పుకోలేదు. ఇంగ్లండు మే నెల వేడుకకు ఇక్కడ అవకాశం దొరికింది గాని అలవాటు దొరకలేదు.

అయితే గూటికీ చేనుకూ మధ్య నెల్లూరు రైతు గీసుకొన్న గీత ఇప్పుడు మూడవ స్థలంలో పరీక్షకు నిలిచింది. అది రొయ్యల గుంట. 1990ల నుంచి తీరం పొడవునా వరిమడి గుంటగా మారుతూ వచ్చింది. 1994–95లో తెల్లమచ్చ వైరస్ ఈ తీరపు సాగును కుప్పకూల్చింది. జబ్బు రొయ్యను ఒక గుంటలో పట్టి మరొక గుంటలో జారవిడిచే కాకి, కొంగ, నీటికాకి ఆనాటి నుంచి అనుమానితులు. గుంటలపై తీగలు, వలలు కట్టడం సాగు నియమాలలో చేరింది. బాణసంచా పేల్చి తోలడం కూడా ఉంది. చెరువులో ఎరువైన రెట్ట గుంటలో రోగభయమయింది. మడికి చెరువునీరు పారించే రైతుకు గూడు కాచవలసిన అవసరం ఉండేది. కాలువ నుంచి ఉప్పునీరు తోడుకొనే గుంట యజమానికి ఆ అవసరం లేదు. నేలపట్టు గూటిలోని పిల్లకు మేత తేవడానికి పులికాటుకు పోయే గూడబాతు ఇప్పుడు ఎగురుతున్నది ఈ తీగల మీదుగానే.